నూనె ప్యాకెట్ మీద 319: మా ఈగల ల్యాబ్ డైరీ

ఏప్రిల్ 14

ఈ పని మొదలైంది ల్యాబ్‌లో కాదు, మా ఆడపడుచు వంటింట్లో. తను అమలాపురం దగ్గర ఇంట్లోనే జంతికలు, చేగోడీలు, కజ్జికాయలు, సున్నుండలు చేసి అమ్ముతుంది. మా వైపు శ్రీమంతం సారె అంటే తెలిసిందే, ఊళ్ళో బంధువులందరికీ పంచేలా పెట్టాలి. మొన్న సారెకి ఆర్డరివ్వడానికి వచ్చిన ఒకావిడ, మూలనున్న నూనె ప్యాకెట్ తిప్పి చదివి అడిగారట. "యాంటీఆక్సిడెంట్ 319 అని రాసుందేంటండి దీని మీద? మా అమ్మాయికి ఏడో నెల. పెట్టొచ్చంటారా?"

రాత్రి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, నువ్వు జువాలజీ చెప్తావు కదా. కడుపులో బిడ్డకి ఇదేమన్నా చేస్తుందా? ఆవిడకి ఏదో ఒకటి చెప్పాలి."

319 అంటే టీబీహెచ్‌క్యూ. నూనెలోని కొవ్వు గాలి తగిలి పాడవడం మొదలైతే ఒక అణువు నుంచి ఇంకో అణువుకి అంటుకుంటూ పోతుంది. టీబీహెచ్‌క్యూ మధ్యలో తన హైడ్రోజన్ ఇచ్చి ఆ గొలుసుని తెంపుతుంది. అందుకే జంతికలు డబ్బాలో నెల ఉన్నా పాత నూనె వాసన రావు. ఇంతవరకూ నాకు తెలుసు. బిడ్డ సంగతి మాత్రం పుస్తకం తియ్యకుండా చెప్పే ధైర్యం రాలేదు. మూడు రోజులు ఆగమన్నాను.

ఏప్రిల్ 17

ఆడపడుచుకి చెప్పిన లెక్క ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏవో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) కలిసి నడిపే నిపుణుల కమిటీ టీబీహెచ్‌క్యూకి పెట్టిన రోజువారీ హద్దు, మనిషి బరువులో కిలోకి 0.7 మిల్లీగ్రాములు. జన్మంతా రోజూ తిన్నా హాని ఉండదనుకునే హద్దు అది. 60 కిలోల ఆడమనిషికి 42 మిల్లీగ్రాములవుతుంది. మన దేశంలో కిలో నూనెలో 200 మిల్లీగ్రాములకి మించి కలపకూడదు. కంపెనీ ఆ 200 మొత్తం కలిపిందనే అనుకుందాం. 42 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్ళాలంటే రోజుకి 210 గ్రాముల నూనె తాగాలి. బిస్కెట్లు, చిప్స్ నుంచి వచ్చేది కలుపుకున్నా హద్దుకి చాలా దూరంలోనే ఉంటాం. వేయించేటప్పుడు కొంత ఆవిరైపోతుంది కూడా.

"అయితే పెట్టొచ్చని చెప్పెయ్యనా?" అంది. చెప్పమన్నాను. ఆవిడకి మనసు ఒప్పకపోతే గానుగ నూనెతో వేరేగా వేయించి ఇమ్మన్నాను. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల తల్లి భయం లెక్కలతో పూర్తిగా పోదు, పోవాలని పట్టుబట్టడం కూడా సరికాదు.

ఏప్రిల్ 21

క్లాసులో ఈ సంగతి చెప్పాను. ఫైనలియర్ అమ్మాయిలిద్దరు బెల్లు కొట్టాక కూడా కదల్లేదు. ఒకమ్మాయిది ముమ్మిడివరం. ఇంకొకమ్మాయి లంక గ్రామం నుంచి రోజూ పడవ దాటి వస్తుంది. లంకమ్మాయి అడిగింది: "ఆ 0.7 ఎవరు ఎలా కనిపెట్టారు మేడం?"

కుక్కలకి ఏళ్ళ తరబడి తిండిలో కలిపి పెట్టి, ఏ హానీ కనపడని మోతాదు కిలోకి 72 మిల్లీగ్రాములని తేల్చారు. దాన్ని 100తో భాగించారు. జంతువుకీ మనిషికీ తేడా ఉండొచ్చని ఒక 10, మనిషికీ మనిషికీ తేడా ఉండొచ్చని ఇంకో 10. అదే 0.7.

దీనికి చుట్టమైన బీహెచ్‌టీ, అంటే 321, కథ వేరు. 2012లో యూరప్ ఆహార భద్రతా సంస్థ దానికి హద్దు గీసింది సంతానం మీద చేసిన పరీక్షలతోనే. రెండు తరాల ఎలుకల మీద చూస్తే, మోతాదు పెరిగినప్పుడు ఈతలో పిల్లల సంఖ్య తగ్గింది, పాలు తాగే పిల్లలు సరిగా బరువు పెరగలేదు. అవేవీ కనపడని మోతాదు కిలోకి 25 మిల్లీగ్రాములు. 100తో భాగిస్తే 0.25. ఎక్కడో ఒక ఎలుక పిల్ల పాలు తాగి కూడా బరువు పెరగకపోవడాన్ని ఎవరో ఓపిగ్గా రోజూ తూచి రాసుకున్నారు కాబట్టే ఆ అంకె వచ్చింది. ఈ మాట చెప్పేటప్పుడు నాకే గొంతు కొంచెం పట్టేసింది.

ఇలాంటి పరీక్షలు పట్టుబట్టి చేయించడం థాలిడోమైడ్ తర్వాతే గట్టిపడింది. కడుపుతో ఉన్నవాళ్ళ వేవిళ్ళకి ఇచ్చిన ఆ మందు వల్ల కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడని పిల్లలు వేలమంది పుట్టారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలైంది. 1966లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ సంతాన భద్రత పరీక్షలకి మూడు భాగాల పద్ధతి పెట్టింది. ఎలుకల్లో థాలిడోమైడ్ ఆ అవకరాలని సరిగా చూపించలేదు, కుందేళ్ళలో చూపించింది. అందుకే ఈ రోజుకీ గర్భస్థ పిండం పరీక్షల్లో ఎలుకలతో పాటు కుందేళ్ళనీ వాడతారు.

"మనం చేసి చూద్దామా మేడం?" అన్నారిద్దరూ ఒక్కసారే.

ఏప్రిల్ 24

ఎలుకలతో మావల్ల కాదు. రిజిస్టరైన యానిమల్ హౌస్ కావాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. రెండూ మా కాలేజీకి లేవు. ఉన్నా కూడా, రెండు తరాల పరీక్షలో జత కట్టించే ముందే 10 వారాలు మందు పెట్టాలి. మగ ఎలుకలో వీర్యకణం తయారవడానికి పట్టే కాలం దాదాపు 70 రోజులు కాబట్టి, ఆ కాలమంతా మందు తగలాలన్నమాట. తర్వాత 22 రోజుల గర్భం, 21 రోజుల పాలు, ఆ పిల్లలు ఎదిగి మళ్ళీ ఈనాలి. ఒక్కో మోతాదుకి 20 ఈతలైనా ఉండాలి.

మేం చెయ్యగలిగింది డ్రోసోఫిలా, అదే అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగ. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ అవడానికి 10 రోజులు చాలు. అమ్మాయిలకి మొదటి రోజే ఒకటి స్పష్టంగా చెప్పి, ఈ డైరీ మొదటి పేజీలో రాయించాను: ఈగ కడుపులో పిల్లని మొయ్యదు, పాలివ్వదు. మనం చూసేది గుడ్లు పెట్టడం, వాటి నుంచి పురుగులు రావడం, అవి ఈగలవడం, అంతే. సారె అడిగినావిడకి జవాబు దీన్నుంచి రాదు. అలాంటి జవాబు ఎలా తయారవుతుందో మన చేతులతో తెలుసుకోవడానికే ఇది.

ఏప్రిల్ 30

రావులపాలెం అరటి మార్కెట్ నుంచి మగ్గిన గెల తెచ్చి ఈగలు పట్టాం. మైక్రోస్కోప్ కింద పెడితే రెండు మూడు జాతులు కలిసిపోయి ఉన్నాయి. వదిలేశాం. మైసూరు యూనివర్సిటీ డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ నుంచి ఒకే జాతి మెలనోగాస్టర్ తెప్పించాం.

మేత కూడా మైసూరు పద్ధతే. లీటరు నీళ్ళకి 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల గోధుమ రవ్వ, 10 గ్రాముల అగర్. ఉడికి దించాక బూజు పట్టకుండా ఏడున్నర మిల్లీలీటర్ల ప్రొపియానిక్ ఆసిడ్. టీబీహెచ్‌క్యూ నీళ్ళలో సరిగా కరగదు, ఇథనాల్‌లో కరుగుతుంది. అందుకని మేత చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఇథనాల్లో కరిగించి కలిపాం. కిలో మేతకి 200 మిల్లీగ్రాములు ఒక గుంపు, 1000 ఒకటి, 5000 ఒకటి. పోల్చి చూడ్డానికి ఏమీ కలపనిది (కంట్రోల్) ఒకటి, ఇథనాల్ మాత్రమే కలిపింది ఒకటి. మొత్తం ఐదు. ఒక్కో దాంట్లో పది సీసాలు, సీసాకి ఒక జంట.

మొదటి రాత్రే చీమలు పట్టాయి. బెల్లం కదా. ర్యాక్ కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టాం, మా అమ్మ నెయ్యి గిన్నెకి పెట్టినట్టు.

మే 6

వర్జిన్ (ఇంకా జత కట్టని) ఈగలు ఏరడమే కష్టం. 25 డిగ్రీల దగ్గర, పుట్టిన ఎనిమిది గంటల్లోపే ఆడ ఈగల్ని వేరు చెయ్యాలి. దాటితే జత కట్టేస్తాయి. తెల్లవారుజామునే ఎక్కువ పుడతాయి కాబట్టి పొద్దున్న ఆరింటికి ల్యాబ్ తీసి పాత ఈగలన్నీ దులిపేసి, మధ్యాహ్నం రెండింటికల్లా కొత్తవి ఏరుతున్నాం. కొత్తగా పుట్టిన ఈగ ఒళ్ళు పాలిపోయి ఉంటుంది, రెక్కలు ఇంకా పూర్తిగా విచ్చుకోవు, పలచటి పొట్టలో నుంచి ఒక నల్లటి చుక్క కనపడుతుంది. ముమ్మిడివరం అమ్మాయి ఆ చుక్క మొదటిసారి చూసినప్పుడు "ఇంకా బొడ్డూడలేదు మేడం" అంది. ఇద్దరికీ అది గుర్తుండిపోయింది, ఇప్పుడు "బొడ్డూడనివి" అనే అంటున్నారు.

ఈగల్ని మత్తులో పెట్టే ఈథర్ వాసన నాకు పడదు. ఐసు మీద పెట్టినా ఈగలు మత్తుగా పడుకుంటాయి. రొయ్యల ప్యాకింగ్‌కి ఇచ్చే ఐసు ముక్కలు థర్మాకోల్ పెట్టెలో తెచ్చుకుంటున్నాం. మా ప్రాంతంలో ఐసుకి కొదవ లేదు.

మే 23

ఈ పేజీ రాయడానికి మూడు రోజులు పట్టింది.

పోయిన వారం ఈదురుగాలి కొట్టి కరెంటు స్తంభాలు పడ్డాయి. రెండు రోజులు పూర్తిగా కరెంటు లేదు, తర్వాత కూడా వస్తూ పోతూ ఉంది. ఇంక్యుబేటర్ ఆగిపోయింది. గదిలో థర్మామీటర్ 36 చూపించింది. అప్పటికి తర్వాతి రౌండుకి కావలసిన ఈగలు ఇంకా ప్యూపా దశలో (పురుగు ఈగగా మారే దశ) ఉన్నాయి. కరెంటు వచ్చాక అవి బయటికొచ్చాయి, చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయి, జత కట్టాయి, గుడ్లు పెట్టాయి. గుడ్ల నుంచి మాత్రం పురుగులు (లార్వాలు) బయటికి రాలేదు. 5000 గుంపు సీసాలు చూసి లంకమ్మాయి ఏడ్చినంత పని చేసింది. "మేడం, ఒక్కటి కూడా లార్వా అవలేదు. 319 వల్లే."

కంట్రోల్ సీసాలు చూడమన్నాను. అక్కడా అంతే.

30 డిగ్రీల వేడిలో పెరిగిన మగ డ్రోసోఫిలా ఈగలు సంతానం ఇవ్వలేవు. పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన సంగతి ఇది. గోదావరి జిల్లాల్లో మే నెలలో ఈగలు పెంచుతూ దాన్ని ఎలా మరిచిపోయానో తెలియదు. ఏమీ కలపని ఆ పది సీసాలు లేకపోయి ఉంటే, 319 మగ ఈగల్ని గొడ్డుబోయేలా చేస్తుందని ఆ రోజే రాసేసేవాళ్ళం. రాసి ఎవరికైనా చూపించి ఉండేవాళ్ళం కూడా. ఆ ఆలోచనకే నాకు నిద్ర పట్టలేదు.

అన్నీ పారబోసి, సీసాలు ఉడకబెట్టి, మళ్ళీ మొదటి నుంచి. మా ప్రిన్సిపాల్ గారు ఇన్వర్టర్ లైను ల్యాబ్‌కి ఇప్పించారు.

జూన్ 12

వానలు మొదలయ్యాయి. ఈసారి రెండు మార్పులు.

మొదటిది, రవ్వ. గోధుమ రవ్వ పలుకు, ఈగ గుడ్డు, రెండూ తెల్లగా ఉంటాయి. మొదటి రౌండు కాగితాలు తిరగేస్తే ఒకే సీసాకి ఇద్దరమ్మాయిలు వేసిన లెక్కల్లో పదిహేను, ఇరవై తేడా ఉంది. కారణం ఇదే. అందుకని గుడ్లు పెట్టే సీసాల్లో మేతని పలచటి గుడ్డలో వడకట్టి, ముదురు రంగు బెల్లం వేసి, పైన ఈస్ట్ ముద్ద కొంచెం పూస్తున్నాం. ఇప్పుడు లెన్స్ కింద గుడ్డు స్పష్టంగా కనపడుతోంది. అర మిల్లీమీటరు పొడవు, బియ్యపు గింజలా తెల్లగా, ఒక కొస దగ్గర రెండు సన్నటి కొమ్ములు. గుడ్డు మేతలోకి దిగబడి ఉంటుంది, కొమ్ములు మాత్రం పైకి తేలి ఉంటాయి. గుడ్డు ఊపిరి పీల్చేది వాటితోనే. కొమ్ములు కనపడితేనే గుడ్డు, లేకపోతే లెక్కలోకి రాదు అని గోడ మీద రాశాం.

రెండోది, పేర్లు. ఏ సీసాలో ఏ మోతాదు ఉందో లెక్కపెట్టేవాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే, అనుమానంగా ఉన్న గుడ్డుని కంట్రోల్‌లో అయితే కలిపేస్తాం, 5000లో అయితే వదిలేస్తాం. కావాలని కాదు, కన్ను అలా పోతుంది. మా అటెండర్ గారిని పిలిచి ఐదు గుంపులకి ఇష్టమైన పేర్లు పెట్టి చీటీల మీద రాయమన్నాను. ఆయనది మామిడితోట. బంగినపల్లి, సువర్ణరేఖ, చిన్నరసం, పెద్దరసం, కొత్తపల్లి కొబ్బరి. ఏది ఏమిటో రాసిన కాగితం కవర్లో పెట్టి ఆయన బీరువాలోనే తాళం వేశారు. నాక్కూడా తెలియదు.

జూన్ 28

ఏడు రోజులు రోజుకి యాభై సీసాలు. ఈగల్ని ప్రతి పొద్దున్నా కొత్త సీసాలోకి మార్చడం, పాతదాంట్లో గుడ్లు లెక్కపెట్టడం. మధ్యాహ్నానికి కళ్ళు మండేవి. కౌంటర్ నొక్కే టక్ టక్ శబ్దం తప్ప గదిలో మాట ఉండేది కాదు.

ఈ రోజు కవర్ తెరిచాం. ఇథనాల్ ఒక్కటే కలిపింది, 200, 1000 — ఈ మూడూ కంట్రోల్‌తో కలిసిపోయాయి. సువర్ణరేఖలో గుడ్లు దాదాపు సగమే. సువర్ణరేఖ అంటే 5000.

అమ్మాయిలకి ఒకేసారి సంతోషం, టెన్షన్. ముమ్మిడివరం అమ్మాయి అప్పుడే లెక్క వేసేసింది. ఇన్ని వేల గుడ్లు లెక్కపెట్టాం కదా, సంఖ్య అంత పెద్దదైతే ఫలితం గట్టిదే కదా అని. అక్కడ ఆపాను.

గుడ్లు వేలల్లో ఉన్నా తల్లులు పదే. వాళ్ళింట్లో పాడి ఉంది కాబట్టి గేదె లెక్కలోనే చెప్పాను. ఒక గేదె ఈనిన దూడలన్నీ బలంగా ఉంటే అది ఆ గేదె గొప్పతనం కావచ్చు, దాణా గొప్పతనం అని ఎలా చెప్తాం? పది గేదెల్లో ఎన్నింటికి మేలు జరిగిందో చూడాలి. ఎలుకల పరీక్షల్లో కూడా యూనిట్ ఈతే, పిల్ల కాదు. ఒక ఈతలో పన్నెండు పిల్లలకి ఒకే తల్లి, ఒకే గర్భం, ఒకే పాలు. వాటిని పన్నెండు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కిస్తే ఒకే మనిషి చేత పన్నెండు సార్లు సంతకం పెట్టించినట్టు. సీసాకి ఒక అంకె చొప్పున మళ్ళీ వేయించాను. తేడా అప్పుడూ నిలిచింది, కానీ మొదట అనిపించినంత బలంగా కాదు. ఒక సీసాలో ఈగ మామూలుగానే పెట్టింది, రెండింటిలో దాదాపు ఏమీ లేదు.

జూలై 5

అనపర్తిలో మా చిన్నాన్నకి లేయర్ కోళ్ళ ఫారం ఉంది. ఆదివారం ఫోన్లో మాటల మధ్య ఈ సంగతి చెప్పాను, గుడ్లు సగానికి పడిపోయాయని. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గుడ్డు తగ్గిందంటే నేను ముందు కోడిని చూడనమ్మా, తొట్టి చూస్తాను. మేత మిగిలిందా లేదా? నీ ఈగలు అసలు తింటున్నాయంటావా?"

తింటున్నాయో లేదో మేం చూడలేదు.

సోమవారం అమ్మాయిలకి చెప్తే లంకమ్మాయి లేచి నిలబడింది. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు మీద పని చేస్తాడు. "చెక్ ట్రే పెట్టాలి మేడం." చెరువులో మేత వేసినప్పుడు వలపళ్ళెంలో కొంచెం మేత పెట్టి నీళ్ళలో దింపుతారు. రెండు గంటలాగి పైకి లాగితే రొయ్య ఎంత తిన్నదీ తెలిసిపోతుంది. దాన్నిబట్టే తర్వాతి పూట మేత పెంచడం, తగ్గించడం.

ఈగకి చెక్ ట్రే ఎలా పెడతాం? మేతలో నీలం రంగు కలిపి. కిరాణా కొట్లో దొరికే బ్రిలియంట్ బ్లూ, దాని నంబరు 133. ఈగలకి రెండు గంటలు తడిదూది తప్ప ఏమీ పెట్టకుండా, తర్వాత గంటసేపు రంగు మేత మీద వదిలి, ఐసు మీద పడుకోబెట్టి చూశాం.

కంట్రోల్ ఈగల పొట్టలు శంఖుపువ్వు రంగులో మెరుస్తున్నాయి. చర్మం పలచన కాబట్టి లోపల తిన్నదంతా కనపడుతుంది. 1000 గుంపులోనూ అంతే. 5000 సీసాల్లోని ఈగల్లో చాలావాటికి పొట్ట అడుగున ఒక సన్నటి నీలం గీత, కొన్నింటికి అదీ లేదు. మేత మీద వాలి, కాళ్ళతో తాకి, మళ్ళీ దూది మీదికి ఎగిరిపోతున్నాయి. కాళ్ళతో రుచి చూసే పురుగు అది. నచ్చలేదు, తినలేదు.

చాలాసేపు ముగ్గురం మాట్లాడకుండా కూర్చున్నాం. నెలరోజుల కష్టం పోయిందన్న బాధ కాదు. ఆ సగం గుడ్లకి ఇన్నాళ్ళూ మేం 319 పేరు రాసి పెట్టుకున్నాం.

జూలై 24

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకలోకి నీళ్ళొచ్చాయి, పడవలు ఆపేశారు. లంకమ్మాయి వాళ్ళు సామాను అటకెక్కించి ఏటిగట్టు మీదికి చేరారు. సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చేసి మొదట అడిగింది ఇంటి సంగతి కాదు. "నా సువర్ణరేఖలు ఎలా ఉన్నాయండి మేడం?" బాగున్నాయమ్మా, ముందు నువ్వు జాగ్రత్తగా ఉండు అన్నాను. "ఆయ్, బానే ఉన్నామండి. గేదెల్ని కూడా తోలుకొచ్చేశాం."

తన వాటా సీసాలు నేను లెక్కపెడుతున్నాను.

ఆగస్టు 11

లంకమ్మాయి తిరిగొచ్చింది. నీళ్ళు తీశాక ఇంట్లో మోకాల్లోతు ఒండ్రు ఉందట, వారం పట్టింది ఎత్తిపోయడానికి.

మూడో రౌండు ఫలితం. 5000 మేత తిన్న ఆడ ఈగల్లో కొన్నింటిని ఐదో రోజు మామూలు మేతకి మార్చాం. రెండు మూడు రోజుల్లో గుడ్లు మళ్ళీ పెరిగాయి. "అయితే ఆకలే మేడం, మందు కాదు" అంది ముమ్మిడివరం అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. విషం వల్ల గుడ్లు తగ్గినా, విషం ఆపేస్తే తేరుకోవచ్చు కదా. తేరుకోవడం ఒక్కటే ఆకలికి సాక్ష్యం కాదు.

అందుకని ఆరో గుంపు పెట్టాం. ఆకలి గుంపు. 319 చుక్క కూడా లేదు, కానీ రవ్వ, బెల్లం సగానికి తగ్గించి, ఈస్ట్ పూత తీసేశాం. ఎలుకల పరీక్షల్లో ఇలాంటిదే ఒకటుంది. మందు కలిపిన తిండి చేదుగా ఉండి తల్లి తక్కువ తింటే, అంతే తక్కువ తిండిని ఇంకో తల్లికి మందు లేకుండా పెట్టి పిల్లల బరువు పోల్చి చూస్తారు. తల్లి చిక్కిపోయేంత మోతాదులో మాత్రమే పిల్లకి హాని కనపడితే, ఆ హాని నేరుగా పిల్ల మీద పడిందా, తల్లి మీదుగా వచ్చిందా అన్నది విడిగా తేల్చాలి.

ఆకలి గుంపు కూడా సువర్ణరేఖలాగే పెట్టింది. పక్కపక్కన పెడితే ఏది ఏదో చీటీ చూడకుండా చెప్పలేకపోయాం.

డైరీలో రాయించిన వాక్యం ఇది: "5000 మోతాదులో గుడ్లు తగ్గాయి. ఆ మోతాదులో ఈగలు మేత తినడమూ తగ్గించాయి. ఆకలి వల్ల కూడా ఇంతే తగ్గుతాయి. కాబట్టి ఈ తగ్గుదలని 319 సంతానం మీద చూపిన ప్రభావంగా మేం రాయలేం." ముమ్మిడివరం అమ్మాయి చివర "319 సురక్షితం" అని కలపబోయింది. ఆ మాట పది సీసాలు మోయలేవని చెప్పి కొట్టేయించాను. 200, 1000 దగ్గర కూడా "మా సీసాల మధ్య ఉన్న తేడాకి మించిన తేడా కనపడలేదు" అనే రాశాం. చిన్న తేడా ఉంటే పది జంటలతో దొరకదు.

ఆగస్టు 19

మా ఆడపడుచు వచ్చింది. సారె అడిగినావిడ కూతురికి జూన్‌లో పాప పుట్టిందట, మూడు కిలోలు. ఆవిడ గానుగ నూనె అడగలేదు, మామూలుగానే వేయించి ఇచ్చిందట. మళ్ళీ బారసాలకి సున్నుండలు తీసుకెళ్ళారు. మైక్రోస్కోప్‌లో గుడ్డు చూపించాను. చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఈ కొమ్ములున్నవన్నీ లెక్కపెట్టారా వదినా, రోజూ?" అంది. తను ఇప్పుడు డబ్బా మీద చీటీ అంటిస్తోంది, ఏ నూనె, ఏ తారీఖున వేయించింది అని. నేను చెప్పి చేయించింది కాదు.

ఆగస్టు 26

పని ఇంకా ఉంది. గుడ్లు పెట్టడంతో పరీక్ష అయిపోదు. ఆ మేత మీద పుట్టి పెరిగిన పిల్లలు పెద్దవై మళ్ళీ పిల్లల్ని కనగలవా అన్నది చూడాలి. రెండు తరాల పరీక్ష పెట్టిందే అందుకు. ఈగలు ఒప్పుకునే మోతాదు ముందే రంగు మేతతో తేల్చుకున్నాం, ఈసారి 2000 దాటడం లేదు. అటెండర్ గారు కొత్త పేర్లు రాసిచ్చారు, ఈసారి అన్నీ వరి రకాలు. స్వర్ణ సీసాలో నిన్న సాయంత్రం ప్యూపాలు నల్లబడ్డాయి. రెక్కలు పైనుంచే కనపడుతున్నాయి. పొద్దున్న ఆరింటికి బొడ్డూడనివి ఏరాలి. లంకమ్మాయి మొదటి పడవకి వస్తానంది.